బాణీ నిలిచే చోటు

ఐర్లండ్ పల్లెల్లో పాత ఇళ్లు విప్పేటప్పుడు కొన్నిచోట్ల వంటగది నేల కింద గుర్రపు పుర్రెలు బయటపడేవి. పొయ్యి ముందు బండ ఎత్తి, గుంట తీసి, పుర్రెను అందులో ఉంచి, మళ్లీ బండ పరిచేవారు. 1940ల్లో అక్కడి జానపద కమిషన్ ఈ సంగతి మీద ఊరూరా వాకబు చేయిస్తే చాలామంది చెప్పిన కారణం ఒకటే: ఆ బండ మీద నాట్యం చేస్తే అడుగు గట్టిగా మోగాలి. పండితుల్లో కొందరు ఈ మాట నమ్మలేదు. ఇది ఏనాడో ఇల్లు కట్టేటప్పుడు ఇచ్చే బలి అనీ, అసలు కారణం మరుగున పడ్డాక జనం అల్లుకున్న సమాధానం ఇదనీ వాదించారు. అయి ఉండవచ్చు. కానీ అల్లుకున్న సమాధానంలోనూ ఒక సాక్ష్యం దొరుకుతుంది. తమ వంటగదిని నాట్యం కోసం కూడా కట్టారనుకోవడం ఆ రైతు కుటుంబాలకు వింతగా తోచలేదు. సంగీతానికి అక్కడ వేరే భవనం లేదు, వేదిక లేదు, టికెట్టు లేదు. బంగాళాదుంపలు ఉడికే గదే దాని గది.

రెండు శతాబ్దాలకు పైగా ఐరిష్ సంప్రదాయ సంగీతాన్ని, నాట్యాన్ని కాపాడాలని బయలుదేరిన వాళ్లకు కొదవ లేదు. బాణీలు రాసుకున్నవాళ్లు, పుస్తకాలు అచ్చు వేసినవాళ్లు, పోటీలు పెట్టినవాళ్లు, యంత్రాలు మోసుకెళ్లి రికార్డు చేసినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లందరి పనీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి తేలుతోంది. బాణీని భద్రపరచడం ఒక పని, బాణీ అవసరపడే సందర్భాన్ని నిలబెట్టడం వేరే పని. రెండోది జరిగిన చోటే మొదటిదానికి ప్రాణం వచ్చింది. సందర్భం పోయిన చోట ఎంత శ్రద్ధగా దాచినా దాచిన వస్తువుగానే మిగిలింది. ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. కానీ డబ్బు, పలుకుబడి, పాండిత్యం ఎక్కువగా మొదటి పని వెంటే వెళ్లాయి. రెండో పని చేసినవాళ్లలో చాలామందికి తాము సంగీతాన్ని కాపాడుతున్నామన్న ఊహ కూడా లేదు.

వంటగది నాట్యం గాలివాటుగా పుట్టినదేం కాదు. దాని వెనుక ఒక వృత్తి ఉంది. 1770ల చివర ఐర్లండ్ అంతా తిరిగిన ఆర్థర్ యంగ్ అనే ఇంగ్లీషు వ్యవసాయ రచయిత, పేదల గుడిసె నుంచి గుడిసెకు తిరుగుతూ చిందులు నేర్పే మాస్టర్ల గురించి రాశాడు. వాళ్ల వెంట ఒక పైపుల వాద్యకారుడో, కళ్లు లేని ఫిడిల్ వాద్యకారుడో ఉండేవాడట; రుసుము మూడు నెలలకు ఆరు పెన్నీలు. ఎడమ కుడి తెలియని పిల్లలకు ఒక కాలికి గడ్డితాడు, రెండో కాలికి కొమ్మతీగ కట్టి, వాటి పేర్లతోనే అడుగులు చెప్పేవారని జనశ్రుతి. మాస్టరు ఒక రైతు ఇంట్లో దిగేవాడు, చుట్టుపక్కల పిల్లలు అక్కడికి వచ్చేవారు, మట్టినేల అయితే తలుపు ఊడదీసి దాని మీద నేర్పేవారు. అంటే ఊరు తనంతట తాను చందా వేసుకుని ఒక గురువును, ఒక వాద్యకారుణ్ణి పోషించింది. దాన్ని ఎవరూ సంస్కృతీ పరిరక్షణ అనలేదు. పిల్లలకు నలుగురిలో మెలగడం రావాలి, పెళ్లిళ్లలో నిలబడి ఆడగలగాలి, అంతే. వృత్తికి గిరాకీ ఉన్నన్నాళ్లూ బాణీలకు కరువు రాలేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ బెల్‌ఫాస్ట్‌లో ఉంది. 1792 జులైలో ఆ పట్టణ పెద్దలు మిగిలిన హార్ప్ వాద్యకారులందరినీ పిలిచి ఉత్సవం జరిపారు. పదిమంది ఐరిష్ హార్పర్లు వచ్చారు. చాలామంది ముసలివాళ్లు, కొందరు చూపు లేనివాళ్లు. వాళ్లలో డెనిస్ హెంప్సన్‌కు 97 ఏళ్లు. లోహపు తీగలను పొడవాటి గోళ్లతో మీటే పాత పద్ధతి ఆ పదిమందిలో అతనొక్కడి చేతిలోనే మిగిలింది. బాణీలు రాసుకునే పని ఎడ్వర్డ్ బంటింగ్ అనే 19 ఏళ్ల ఆర్గన్ వాద్యకారుడికి అప్పగించారు. ఆ కుర్రవాడు ఆ పనిని జీవితమంతా వదల్లేదు. 1796, 1809, 1840ల్లో మూడు సంపుటాలు తెచ్చాడు. ఈనాటికీ హార్ప్ వాయించే ప్రతివారూ అతనికి రుణపడి ఉన్నారు. అయితే అచ్చులో ఆ బాణీలు పియానో చేతులకు అనువుగా మారి వచ్చాయి. గోటి మీటు, తీగ మోత అణచే పద్ధతి, ఏ వేలు ఎప్పుడు అన్న జ్ఞానం మనుషులతోనే పోయాయి. బాణీ దక్కింది, వాద్యం పోయింది.

పట్టణ పెద్దలకు ఇది తెలియక కాదు. 1808లో బెల్‌ఫాస్ట్‌లో హార్ప్ సంఘం పెట్టి చూపు లేని పిల్లలకు విద్య నేర్పించారు. డబ్బు చాలక 1813లో మూసేశారు. 1819లో మళ్లీ తెరిచారు. ఈసారి డబ్బు వచ్చింది మన దేశం నుంచి! ఇండియాలో కొలువుల్లో ఉన్న ఐరిష్ వాళ్లు చందాలు పోగుచేసి పంపారు. వాళ్ల జీతాలు ఎవరి శిస్తుల్లోంచి వచ్చాయో తలచుకుంటే, ఐరిష్ హార్ప్ ప్రాణానికి మన రైతులూ తెలియకుండానే ఓ చెయ్యి వేశారనాలి. ఆ నిధితో సంఘం 1839 దాకా నడిచింది, తరవాత అదీ ఆగింది. సంఘం విఫలమైంది డబ్బు అయిపోయినందుకేనా? నాకు అలా అనిపించదు. హార్ప్‌ను పోషించినవి గేలిక్ దొరల ఇళ్లు. 17వ శతాబ్దపు యుద్ధాల్లో, భూముల జప్తుల్లో ఆ ఇళ్లు కూలిపోయాయి. తరవాత హార్పర్లు కొత్త భూస్వాముల గడపల చుట్టూ తిరిగి ఇంకో వందేళ్లు నెట్టుకొచ్చారు. సంఘం పిల్లలకు విద్య నేర్పింది గానీ, నేర్చుకున్నవాడు రేపు ఎవరి గడప ఎక్కాలో చెప్పలేకపోయింది. అదే కాలంలో ఏ సంఘమూ చందా ఇవ్వని ఫిడిలు, పైపులు వంటగదుల్లో ఉధృతంగా మోగుతున్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వచ్చింది కూడా. 1845లో మొదలైన మహా కరువులో పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకు మించి ఓడలెక్కారు. 1841లో 80 లక్షలు దాటిన జనాభా పదేళ్లలో 65 లక్షలకు పడిపోయింది. మొట్టమొదట పోయింది కూలీలు, కౌలురైతులు. అంటే వంటగది నాట్యానికి మూలబలం. అలాంటి విపత్తులో కాగితం మీద రాసుకోకపోతే ఏం మిగిలేది అని అడగవచ్చు. అందుకు పెద్ద సాక్ష్యంగా షికాగో పోలీసు అధిపతి ఫ్రాన్సిస్ ఓనీల్ పేరు చెబుతారు. కార్క్ కౌంటీలో బాంట్రీ దగ్గర పల్లెలో 1848లో పుట్టి, కుర్రతనంలోనే ఓడెక్కి, చివరికి 1901లో షికాగో పోలీసుశాఖకు పెద్ద అయినవాడు. 1903లో అతను అచ్చువేసిన పుస్తకంలో 1850 బాణీలున్నాయి; 1907 నాటి రెండో పుస్తకంలో 1001. ఐరిష్ వాద్యకారులు చాలాకాలం ఈ రెండోదాన్ని పేరు పెట్టి కూడా పిలవలేదు, ‘ఆ పుస్తకం’ అంటే చాలు. ఓనీల్ విలువను తగ్గించే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ పుస్తకం ఎక్కడ పుట్టిందో చూడాలి. షికాగోలో ఐర్లండ్‌లోని అన్ని కౌంటీల వాళ్లూ ఒకే పేటల్లో పడ్డారు. పోలీసుశాఖలో వాయించేవాళ్లు కుప్పలుగా ఉన్నారు. ఇంటి ముందుగదుల్లో వాళ్లు కూడేవారు. ఓనీల్ తన చెవిలో దాచుకున్న బాణీని కూనిరాగంగా వినిపిస్తే సార్జెంట్ జేమ్స్ ఓనీల్ స్వరాల్లో రాసేవాడు. ఆ పుస్తకం వెనుక ఉన్నది ఒక సజీవమైన గుంపు.

ఇంకోటి, పుస్తకంలోని బాణీ అస్థిపంజరమే. రీల్ అనే నాట్యబాణీని ఫిడిల్ మీద ఎక్కడ మెలిక తిప్పాలి, పైపుల మీద ఎక్కడ తెంపి విరవాలి, రెండోసారి వాయించేటప్పుడు ఏది మార్చాలి అన్నవి అందులో ఉండవు. విన్నవాడికి పుస్తకం జ్ఞాపకం చేస్తుంది; విననివాడికి ఏమీ చెప్పదు. కార్క్, కెర్రీ సరిహద్దులోని స్లీవ్ లూఖ్ర ప్రాంతంలో పాడ్రిగ్ ఓకీఫ్ అనే ఫిడిల్ గురువు ఉండేవాడు, 1887లో పుట్టాడు. బడిపంతులు ఉద్యోగం ఊడాక నలభై ఏళ్లపాటు కాలినడకన ఇంటింటికీ తిరిగి నేర్పాడు. అతనూ కాగితం వాడాడు. నాలుగు తీగలకు నాలుగు వరుసలు, వేళ్లకు అంకెలు. స్వరలిపి తెలియని రైతుబిడ్డకూ అర్థమయ్యే సొంత లిపి. కాగితం శిష్యుడి దగ్గరే వదిలి వెళ్లేవాడు, మళ్లీ వచ్చేసరికి అతను దాన్ని నేర్చి ఉండాలి. డెనిస్ మర్ఫీ, జూలియా క్లిఫర్డ్ అనే అన్నాచెల్లెళ్లు అలా తయారైనవాళ్లే. ఓకీఫ్ 1963లో పోయాడు. ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో విలువైనది అంకెలు కావు, అవి గురువు మళ్లీ గడప ఎక్కేదాకా సాగే పాఠంలో ఒక భాగం కావడమే.

జాతీయోద్యమం ఈ సంగతిని సగం పట్టుకుంది, సగం జారవిడిచింది. 1893లో డగ్లస్ హైడ్, ఓవన్ మక్‌నీల్ తదితరులు పెట్టిన గేలిక్ లీగ్ ప్రధానంగా భాష కోసం పుట్టింది. అయినా భాషాతరగతులకు జనం రావాలంటే వినోదం కావాలని త్వరగానే గ్రహించింది. 1897 అక్టోబరు 30న లీగ్ వాళ్లు మొట్టమొదటి ‘కేలీ’ని జరిపింది డబ్లిన్‌లో కాదు, లండన్‌లోని బ్లూమ్స్‌బరీ హాల్లో. ఊహ ఎక్కడిదంటే, లండన్‌లోని స్కాట్లండ్ వాళ్ల కూటముల నుంచి తెచ్చుకున్నది. ఆ విధంగా స్వచ్ఛమైన ఐరిష్ నాట్యసభ పరాయి రాజధానిలో, పరాయి నమూనా మీద పుట్టింది. అంతవరకు బాగానే ఉంది, కొత్త సందర్భం ఒకటి తయారైంది. కానీ ఏది ఐరిష్, ఏది కాదు అని తేల్చే పనికి లీగ్ పూనుకోవడంతో చిక్కు వచ్చింది. నాలుగు జంటలు ఎదురెదురుగా నిలబడి ఆడే ‘సెట్’ నాట్యాలు అప్పటికి పల్లెల్లో ప్రాణం. వాటి మూలం కాడ్రిల్ అనే ఫ్రాన్సు నాట్యం. నెపోలియన్ యుద్ధాల తరవాత సైనికుల వెంట వచ్చింది. పరాయిది కాబట్టి లీగ్ వేదికల మీద వాటికి చోటు లేదంది. ఆ తర్కాన్ని చివరిదాకా లాగితే కాన్సర్టీనా, అకార్డియన్ రెండూ 19వ శతాబ్దంలో బయటినుంచి వచ్చినవే. బాంజో అమెరికా నుంచి వచ్చింది. చెక్కఫ్లూటు అయితే కొత్త మీటల ఫ్లూటు వచ్చాక కచేరీ విద్వాంసులు వదిలేసిన పాత సరుకు. 1960ల్లో జానీ మొయినహన్ అనే వాద్యకారుడు తెచ్చిన గ్రీకు తీగవాద్యం బుజూకీ ఇప్పుడు ఐర్లండ్‌దే అనిపిస్తుంది. పుట్టుక చూసి కులం కట్టే పరీక్షకు ఈ సంగీతం ఎన్నడూ నిలవదు. దాన్ని సొంతం చేసింది వాడకమే.

అసలు దెబ్బ స్వాతంత్ర్యం వచ్చాక పడింది. నాట్యాల్లో యువత చెడిపోతోందని 1925లోనే బిషప్పులు ప్రకటన చదివించారు. లీట్రిమ్ కౌంటీలో జిమ్మీ గ్రాల్టన్ అనే కమ్యూనిస్టు తన ఊరివాళ్ల కోసం కట్టిన హాలు 1932 చివర తగలబడింది. మరుసటి ఏడు అతన్నే విచారణ లేకుండా అమెరికాకు పంపేశారు. 1935లో బహిరంగ నాట్యశాలల చట్టం వచ్చింది. జనం పోగై ఆడేచోటికి కోర్టు లైసెన్సు ఉండాలి, టికెట్టు మీద పన్ను కట్టాలి. చట్టం అక్షరాలా ఇంటి నాట్యాన్ని నిషేధించలేదని చరిత్రకారులు చెప్పేది నిజమే. కానీ ఊళ్లో చట్టాన్ని చదివేది చరిత్రకారులు కారు. పాదిరి, పోలీసు కలిసి ఎలా అర్థం చెబితే అదే చట్టం. ఇంటి అద్దె కట్టలేని పొరుగువాడి కోసం వంటగదిలో నాట్యం పెట్టి తలా కాసింత పోగు చేయడం కూడా నేరంగా కనబడసాగింది. క్లేర్ కౌంటీ ఫిడిల్ వాద్యకారుడు జూనియర్ క్రీహన్, ఇళ్లలో ఆట ఆగిపోయిన ఆ రోజుల్ని ముసలితనం దాకా బాధగా తలచుకునేవాడు. ఇళ్లు ఖాళీ చేసింది చట్టం కాదు, వలస అని వాదించేవాళ్లూ ఉన్నారు. రెండూ పక్కపక్కనే నడిచాయి. ఒక్క 1950ల్లోనే దేశం విడిచినవాళ్లు నాలుగు లక్షలు. అయితే వలస మనుషుల్ని తీసుకుపోతుంది, చట్టం మిగిలినవాళ్లు కలిసే వీలును తీసుకుపోయింది. నాట్యం పాదిరి గారి హాలుకు మారాక సంగీతమూ మారింది. పెద్ద హాల్లో ఒక ఫిడిలు వినబడదు కదా! పియానో, డ్రమ్ము చేరాయి, పదిమంది వరుసగా కూర్చుని ఒకే బాణీ వాయించే కేలీ బ్యాండ్లు రాజ్యమేలాయి. కిల్‌ఫెనోరా, టల్లా బ్యాండ్ల పేర్లు ఈనాటికీ క్లేర్‌లో గౌరవంగా చెప్పుకుంటారు. 1960ల్లో స్వరకర్త షాన్ ఓ రీయడ ఆ మోతను ఎగతాళి చేసి, కచేరీ మర్యాదతో వినదగిన బృందం కట్టాడు. అతని చెవి గొప్పది. అయినా హాల్లో ఆడినవాళ్లకు ఆ డ్రమ్ము ఎందుకు కావలసి వచ్చిందో అతను పట్టించుకోలేదనిపిస్తుంది.

వాదానికి అసలు పరీక్ష గ్రామఫోను. స్లైగో కౌంటీ నుంచి 1914లో న్యూయార్క్ చేరిన ఫిడిల్ వాద్యకారుడు మైకేల్ కోల్‌మన్ 1921 నుంచి పదిహేనేళ్లు రికార్డులిచ్చాడు. జేమ్స్ మారిసన్, పాడీ కిల్లోరన్ కూడా ఆ జిల్లావాళ్లే, ఆ నగరంలోనే. వాళ్ల రికార్డులు ఉత్తరాలతో, పెట్టెలతో అట్లాంటిక్ దాటి వెనక్కి వచ్చాయి. కోల్‌మన్ వేగం, మెరుపు విన్న పల్లె వాద్యకారులు తమ ఊరి పద్ధతి నాటుదనుకుని సిగ్గుపడ్డారు. కొందరు వాయించడమే మానేశారని చెబుతారు. మనుషులు కలవకుండానే బాణీ ప్రయాణించి ఒక దేశపు చేతివాటాన్నే మార్చేసింది కదా, మరి గది ఎందుకు? ప్రశ్న గట్టిదే. కానీ రికార్డు ఎక్కడ తిరిగింది? ఊరికి ఒకటో రెండో ఉన్న గ్రామఫోను చుట్టూ, మళ్లీ వంటగదిలోనే, అప్పటికే ఫిడిలు పట్టడం తెలిసిన చేతుల ముందు తిరిగింది. తెలియనివాణ్ణి కోల్‌మన్ వాద్యకారుణ్ణి చేయలేదు, తెలిసినవాణ్ణి మార్చాడు. రికార్డుకు ఎంత బలముందో, దానికి ఏ నేల కావాలో ఒకేసారి తెలుస్తుంది.

ఇప్పుడు ఐర్లండ్ వెళ్లే యాత్రికుడికి అనాదిగా ఉన్నట్టు కనిపించే పబ్బు సెషన్, అంటే వాద్యకారులు కూడి వాయించే కూటమి, ఆ రికార్డులకన్నా కొత్తది. రెండో ప్రపంచయుద్ధం తరవాత లండన్ పునర్నిర్మాణంలో మట్టిపని చేయడానికి ఐరిష్ కుర్రవాళ్లు వేలల్లో వెళ్లారు. అద్దెగదులు ఇరుకు, ఇంటివాళ్లు చప్పుడు ఒప్పుకోరు, వంటగది అన్నది లేదు. దాంతో కెంటిష్ టౌన్, క్యామ్‌డెన్, హాలోవే రోడ్డు పబ్బుల్లో మూల బల్ల దగ్గర కూర్చుని వాయించడం మొదలైంది. ఆ మూలలో ఆడే చోటు లేదు. నాట్యం కోసం పుట్టిన సంగీతం వినడానికి మారింది. ఒకే జిగ్ బాణీని ఆడేవాళ్లు అలిసేదాకా వాయించే అవసరం పోయి, మూడు బాణీల్ని కుట్టి ఒక్కోటి రెండు మూడుసార్లు వాయించే అలవాటు కుదిరింది. ఈ పద్ధతి 1960ల్లో ఓడెక్కి స్వదేశానికి వచ్చింది. లాభంతో పాటు నష్టమూ వచ్చింది. వంటగదిలో ఆడవాళ్లు సమానంగా వాయించారు. క్లేర్‌లో కాన్సర్టీనాను ఆడవాళ్ల వాద్యమనే అనేవారు. పబ్బు మగవాళ్ల చోటు. కిల్‌రష్‌లో భర్తతో కలిసి పబ్బు నడిపిన ఎలిజబెత్ క్రాటీ లాంటివాళ్లు అరుదు. 2018లో మహిళా వాద్యకారులు ‘ఫెయిర్‌ప్లే’ అన్న ఉద్యమం పెట్టవలసి వచ్చిందంటే, గది మారినప్పుడు ఎవరు బయట ఉండిపోయారో తేలడానికి అరవై ఏళ్లు పట్టిందన్నమాట.

సంగీతం పబ్బులో కుదురుకోకముందే దానికి ఇంకో చోటు తయారవుతోంది. డబ్లిన్ పైపర్స్ క్లబ్‌కు చెందిన కొందరు 1951లో మలింగర్ పట్టణంలో ఒక వాద్యోత్సవం జరిపి, అదే ఏడు ఒక సంఘం పెట్టారు. సంఘం పేరు పొడుగు, వాడుకలో ‘కోల్తస్’. ఉత్సవం పేరు ‘ఫ్లా’. మొదటి ఫ్లాకు కొన్ని వందల మంది వచ్చారు. ఇప్పుడు ఆగస్టులో జరిగే ఫ్లాకు వారంలో ఐదు లక్షలు దాటి వస్తున్నారు, కోల్తస్ శాఖలు నాలుగు వందలకు పైనే. విమర్శలూ అంతే ఉన్నాయి. పోటీ పెట్టగానే న్యాయనిర్ణేతకు నచ్చేలా వాయించడం మొదలవుతుంది. ఊరి యాస అరిగిపోతుంది. పదేళ్ల పిల్లకు పతకం ముఖ్యమవుతుంది. 1971లో ఉత్తర ఐర్లండ్ నిర్బంధాలకు నిరసనగా ఆ ఏటి ఫ్లానే రద్దు చేస్తే, సంగీతంలోకి రాజకీయాలెందుకని లోపలివాళ్లే కొందరు దూరమయ్యారు. పోటీ గురించిన విమర్శలో చాలా భాగం ఒప్పుకోవలసిందే. కాని ఫ్లాకు వచ్చే లక్షల్లో పోటీ హాల్లో కూర్చునేది ఎంతమంది? మిగిలినవాళ్లు వీధుల్లో, మెట్ల మీద, అంగడి గుమ్మాల దగ్గర వాయిస్తూ ఉంటారు. పోటీ ఒక సాకు. పెళ్లి పేరు చెప్పి చుట్టాలు కలిసినట్టు, పోటీ పేరు చెప్పి కెర్రీవాళ్లు, డొనెగల్‌వాళ్లు, గ్లాస్గోవాళ్లు కలిశారు. దానికన్నా నిశ్శబ్దంగా సాగింది శాఖల వారపు తరగతి. బడి ముగిశాక ఏదో హాల్లో ముప్ఫైమంది పిల్లలు విజిల్ పట్టుకుని కూర్చునే ఆ గంట, ఏ రేడియో కార్యక్రమమూ చేయలేని పని చేసింది.

ఈ వాదానికి తూకం వేసినట్టు సాక్ష్యమిచ్చేది ఇలన్ పైపుల చరిత్ర. ఇలన్ అంటే మోచేయి. చంక కింద తిత్తిని మోచేత్తో ఒత్తి గాలి పట్టించే వాద్యం. తయారు చేయడం కష్టం, శ్రుతి నిలపడం ఇంకా కష్టం, లోపల అదిరి మోగే రీడ్‌ను రెల్లుతో మనిషి చేత్తోనే చెక్కాలి. 1900లో డబ్లిన్‌లో పెట్టిన పైపర్ల క్లబ్ కొన్నేళ్లకు ఆగిపోయింది. 1936లో లియో రోసమ్ మళ్లీ నిలబెట్టాడు. సంచారజాతికి చెందిన జానీ డోరన్ బండి కట్టుకుని సంతలకు, పందేలకు తిరుగుతూ నిలబడి వాయించేవాడు. 1947లో జానపద కమిషన్ తరఫున కెవిన్ డానహర్ అతని వాద్యాన్ని డిస్కుల మీదకు ఎక్కించాడు. కొద్ది నెలలకే గోడ కూలి డోరన్ బండి మీద పడింది, 1950లో అతను పోయాడు. ఆ డిస్కులు లేకపోతే ఆ వాద్యం ఎలాంటిదో మనకు తెలిసేది కాదు. కాబట్టి భాండాగారాలు అనవసరమని నేను అనడం లేదు. 1987లో డబ్లిన్‌లో ఏర్పడిన సంప్రదాయ సంగీత ఆర్కైవు చేసిన సేవ చిన్నది కాదు. కానీ డిస్కుల్లోని డోరన్‌ను వినేవాళ్లు, అనుకరించేవాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారు? 1968లో బెట్టీస్‌టౌన్‌లో పైపర్లు కొందరు కూడి తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. అప్పటికి ఈ వాద్యం వాయించేవాళ్లు ప్రపంచం మొత్తం మీద వందమంది కూడా లేరన్నది వాళ్ల లెక్క. పండితుడు బ్రెండాన్ బ్రానక్ వాళ్లకు పెద్ద దిక్కు. ఐదేళ్ల కిందటే నాట్యబాణీల గొప్ప సంపుటాన్ని తెచ్చినవాడు. పుస్తకం తెచ్చినవాడే, పుస్తకం చాలదని తెలిసి, తరగతులు, కూటములు, రీడ్లు చెక్కే శిక్షణ మీద పట్టుబట్టాడు. ఇవాళ ఆ సంఘం డబ్లిన్‌లో పైపులు తయారు చేయడం కూడా నేర్పుతోంది. పైపర్లు వేలల్లో ఉన్నారు. 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది అప్పటికే కోలుకున్న వాద్యం. వరస గమనించండి, జాబితా చివర వచ్చింది.

నాట్యం సంగతికి వస్తే అందరికీ గుర్తొచ్చేది రివర్‌డాన్స్. 1994 ఏప్రిల్ 30న డబ్లిన్‌లో యూరోవిజన్ పాటలపోటీ విరామంలో ఏడు నిమిషాలు; బిల్ వీలన్ సంగీతం, షికాగోలో పుట్టిన మైకేల్ ఫ్లాట్లీ, న్యూయార్క్ వైపు నుంచి వచ్చిన జీన్ బట్లర్ చిందులు. మరుసటి ఏడు అది పూర్తి ప్రదర్శనై ప్రపంచం చుట్టింది, నాట్యబడులు నిండిపోయాయి, మొదటిసారి వేదిక మీద చిందేసి బతికే వృత్తి ఏర్పడింది. దాన్ని వ్యాపారమని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. పాతకాలపు మాస్టరు కూడా ఆరు పెన్నీలు తీసుకున్నాడు. కానీ వేదికనూ పోటీనీ వదిలితే ఆ బడుల్లో నేర్చిన చిందుకు చోటు తక్కువ. పెళ్లిలోనో, శనివారం రాత్రో ఆ పిల్ల తన తాతతో కలిసి ఆడడానికి పనికిరాదు. సమాజాన్ని కూడగట్టే పని గేలిక్ లీగ్ వెలివేసిన సెట్లే చేశాయి. 1982లో క్లేర్ కౌంటీలోని మిల్‌టౌన్ మాల్‌బే వేసవి సంగీత బడిలో కార్క్‌కు చెందిన జో ఓడోనవన్ సెట్ల తరగతి మొదలుపెట్టాడు. టిప్పరరీకి చెందిన కాన్నీ రయన్ 1997లో పోయేదాకా దేశంలోనూ విదేశాల్లోనూ తిరుగుతూ నేర్పాడు. మరిచిపోయిన సెట్ల కోసం ముసలివాళ్ల దగ్గరకు వెళ్లి అడిగి కూర్చాడు. సెట్‌లో ఎనిమిదిమంది కావాలి. ఏడుగురుంటే ఎనిమిదో మనిషి ఎంత చేతకానివాడైనా పట్టుకొస్తారు. నిష్ణాతుల కోసం కట్టిన ఏ కళకూ లేని సద్గుణం ఇది.

డబ్బు లేకుండా ఇదంతా జరుగుతుందా అని చివరి అభ్యంతరం. జరగదు. 2003 కళల చట్టం సంప్రదాయ కళలను ఇతర కళల సరసన పేరు పెట్టి గుర్తించడం వల్ల నిధుల తలుపు తెరుచుకుంది. 2022లో ప్రభుత్వం 2000 మంది కళాకారులకు వారానికి 325 యూరోలు ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టింది; అందులో సంప్రదాయ వాద్యకారులూ ఉన్నారు, మంచిదే. అయినా మనిషికిచ్చే జీతం ఒకటి, నలుగురు కలిసే రాత్రికి అద్దె, దీపం, గురువు రుసుము కట్టడం ఇంకొకటి. మొదటిది ఎక్కువగా వేదిక ఎక్కేవాళ్లకు చేరుతుంది. రెండోదానికి దరఖాస్తు పెట్టే మనిషే చాలా ఊళ్లలో దొరకడు. ఈ తేడాను 2020 కళ్లకు కట్టింది. మహమ్మారి వల్ల ఫ్లా ఆగింది, వేసవి బడులు ఆగాయి, పబ్బులు మూతపడ్డాయి. రికార్డింగులు మునుపెన్నడూ లేనంత చేరువలో ఉన్నాయి, పాఠాలు తెరల మీద నడిచాయి. బాణీ ఒక్కటీ పోలేదు. కానీ ఇంటర్నెట్‌లో శబ్దం క్షణంలో కొంత ఆలస్యంగా చేరుతుంది. ఆ కొంత ఆలస్యం చాలు, ఇద్దరు కలిసి ఒక రీల్ వాయించలేకపోవడానికి. ఒకరు వాయిస్తుంటే రెండోవాళ్లు మైకు ఆపుకుని వెంట వాయించుకున్నారు. లక్షల బాణీల మధ్య ఒంటరిగా కూర్చున్నారు.

క్లేర్ తీరంలోని మిల్‌టౌన్ మాల్‌బే చిన్న ఊరు. అక్కడి పైపర్ విలీ క్లాన్సీ 1973 జనవరిలో పోయాడు. ఆ వేసవిలోనే అతని పేర స్నేహితులు బడి పెట్టారు, వాళ్లలో బడిపంతులు మీరిష్ ఓ రోహాన్ ముఖ్యుడు. పోటీ లేదు, పతకం లేదు. జులై మొదటి శనివారం మొదలై వారంపాటు ఉదయం పాఠం, మధ్యాహ్నం ప్రసంగమో సెట్లో, రాత్రి ఎక్కడ చోటుంటే అక్కడ వాద్యం. మహమ్మారి నాటి రెండేళ్లు ఆగి 2022లో మళ్లీ మొదలైంది. వచ్చేవాళ్లకు ఊరి బడి చాలదు, హాళ్లు చాలవు. అందుకని కొన్ని తరగతులు ఊరివాళ్ల ఇళ్లలో నడుస్తాయి.